పచ్చని వాంతి

తెలుగువాడు పేగు అన్న మాటను మమతకే ఎక్కువగా వాడుకున్నాడు. పేగు తెంచుకొని పుట్టిన బిడ్డ అంటాము. బొడ్డుతాడునూ, అన్నము అరిగించే ప్రేగునూ ఒకే పేరుతో పిలవడము ముచ్చటగానే ఉన్నది గాని, రోగము వచ్చినప్పుడు చిక్కు తెచ్చిపెడుతుంది.

ఒకనాడు మైపాడు నుండి నెల్లూరు వచ్చే బస్సులో నా ప్రక్కన ఒక పెద్దామె కూర్చున్నది. ఒడిలో వారము దినాల మనుమడు. "రాత్రి నుంచి పచ్చగా పసరు కక్కతా ఉండాడయ్యా. పేగు మెడలో ఏసుకోని పుట్టినాడు, అందుకేనేమో. తాయెత్తు కట్టించినాము" అన్నది. అటువంటి పుట్టుక మేనమామకు గండమని నూనెలో ముఖము చూపించే ఆచారము మనవారిలో ఉన్నదే. ఆ పేగు వేరు, ఈ ప్రేగు వేరు అని ఆమెకు ఎవరు చెప్పాలి?

నేను వైద్యుడను కాను. అయినా పసికందు పచ్చగా కక్కితే శస్త్రవైద్యులు ఎందుకు ఉలిక్కిపడతారో చదివి ఉన్నాను. గర్భములో సరిగా అమరని చిన్నప్రేగు, తనకు నెత్తురు తెచ్చే నాళము చుట్టూ తానే మెలిపడవచ్చును. అప్పుడు పిత్తము క్రిందికి పోక పైకి వస్తుంది. నెత్తురు అందని ప్రేగు గంటలలోనే నల్లబడుతుంది. చచ్చిన భాగమును కోసి తీయక తప్పదు. మిగిలినది చాలకపోతే పాలు ఒంటికి పట్టవు. నీరూ లవణాలూ విరేచనాలలో పోతాయి. షార్ట్ బవెల్ సిండ్రోమ్ అని వైద్యులనేది దీనినే. నెలలు నిండని బిడ్డలకు ప్రేగు కుళ్ళినా, పుట్టుకతోనే ప్రేగు పూడిపోయి ఉన్నా ఇదే గతి పట్టవచ్చును.

అయితే ఆశ లేకపోలేదు. నిండు నెలల శిశువు చిన్నప్రేగు సుమారు 2.5 మీటర్లు; పెద్దవారికి 6 మీటర్ల వరకు ఉంటుంది. అనగా అది పెరిగే వస్తువు. మిగిలిన ముక్క పొడుగౌతుంది, వెడల్పౌతుంది, ఎక్కువ పని నేర్చుకుంటుంది. అందుకు నెలలు, ఒక్కొక్కప్పుడు ఏండ్లు పడతాయి. అంతవరకు బిడ్డను నిలిపేదెట్లా? చిన్నప్రేగు దాదాపు లేకుండ పుట్టిన శిశువును సిరద్వారా ఇచ్చిన ఆహారముతోనే పెంచిన సంగతిని ఫిలడెల్ఫియాలో స్టాన్లీ డడ్రిక్ బృందము 1968లో ప్రకటించినది. ఆ సిరగొట్టములో క్రిములు చేరినా ప్రమాదమే, కాలేయమూ చెడవచ్చును. అందుచేత తల్లిపాలను చుక్కచుక్కగా ప్రేగుకు అలవాటు చేస్తారు. ఇంత వైద్యము మన రేవు పల్లెలకు దగ్గరలో ఎక్కడున్నది? చెన్నపట్టణము నెల్లూరికి దాదాపు 175 కిలోమీటర్లు.

"అమ్మా, తాయెత్తు ఉండనీయండి. ఇంటికి పోవద్దు, దిగగానే పెద్దాసుపత్రికి పోండి. పచ్చగా కక్కినాడని మొదటి మాటగా చెప్పండి" అన్నాను. ఆమె నా ముఖము వంక చూసి, బిడ్డను కొంగులో ఇంకా దగ్గరగా చుట్టుకున్నది. నెల్లూరులో దిగిన వెంటనే ఆటోను పిలిచినది. అది ఆసుపత్రి వైపే తిరిగినది.