స్టార్లు మనల్ని వదిలేసి పోయారా? హైదరాబాద్ ఫుట్‌బాల్: అపోహలు – వాస్తవాలు

మొఘల్‌పురాలో పెద్దవాళ్ల దగ్గర ఫుట్‌బాల్ మాటెత్తితే ముందు కోచ్ రహీమ్ సాబ్ పేరు వస్తుంది. ఆ వెంటనే ఒక నిష్ఠూరం కూడా వస్తుంది: మన ఆటగాళ్లంతా కలకత్తా క్లబ్బులు పిలవగానే వెళ్లిపోయారు, ఉన్న ఊరికి ద్రోహం చేశారు అని. ఆ ఆటగాళ్లకు ఈ మాట అన్యాయం చేస్తోంది.

అపోహ: చిన్న కేంద్రంలోని జట్టులో స్టార్ నిలవడు.

వాస్తవం: హైదరాబాద్‌లో నిలిచారు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచింది. 1950 డ్యూరాండ్ ఫైనల్లో కలకత్తా జట్టు మోహన్ బగాన్‌నే ఓడించింది. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ అంతకుముందు బడిపంతులు. ఆయన పెట్టే పోటీల్లో షరతులుండేవి: ఒకదానిలో డ్రిబ్లింగ్ నిషేధం, మరొకదానిలో అలవాటు లేని కాలితోనే బంతి తన్నాలి. కుడికాలి కుర్రాడు ఎడమకాలితో పాస్ ఇవ్వడం అలా నేర్చుకున్నాడు. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ 1952, 1956 ఒలింపిక్స్ ఆడినవాళ్లు, అయినా పోలీసు జట్టును వదల్లేదు. మంచి గురువు, నెల తిరిగేసరికి చేతికొచ్చే సర్కారు జీతం, గెలిచే జట్టు ఇక్కడే ఉంటే ఎక్కడికో పోవాల్సిన పనేముంది?

అపోహ: వెళ్లినవాళ్లంతా డబ్బు కోసమే వెళ్లారు.

వాస్తవం: అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లి, ఐదారేళ్లు అక్కడే ఆడి 1961లో కెప్టెన్ కూడా అయ్యాడు. ఒక జట్టును అంతకాలం అంటిపెట్టుకున్నవాణ్ణి నిలకడ లేనివాడని ఎలా అంటాం? 1963 జూన్‌లో రహీమ్ సాబ్ పోయాక, ఆటగాళ్లను ఇక్కడ నిలిపి ఉంచే గురువు లేకపోయాడు. 1966లో మహమ్మద్ హబీబ్, సయ్యద్ నయీముద్దీన్ ఈస్ట్ బెంగాల్ చేరారు. హబీబ్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఆ రోజుల్లో పేరున్న ఆటగాడికి బ్యాంకు ఉద్యోగమో రైల్వే ఉద్యోగమో కొంగుబంగారం. హబీబ్ మాత్రం ఉద్యోగం వద్దని ఆటనే పనిగా పెట్టుకున్నాడు. జీవితాంతం భరోసా ఇచ్చే కొలువును కాదన్నవాణ్ణి డబ్బు మనిషి అనడం నాకు మింగుడుపడదు. 1977 సెప్టెంబరు 24న వానకు తడిసిన ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ మీద, అప్పటికి హబీబ్ ఆడుతున్న మోహన్ బగాన్ 2-2తో నిలబడింది. ఆ రెండు గోల్స్‌లో ఒకటి హబీబ్‌ది. చివరికి ఆయన తిరిగొచ్చింది హైదరాబాద్‌కే. 2023 ఆగస్టు 15న కన్నుమూసిందీ ఇక్కడే.

అపోహ: పెద్ద నగరం జట్టే ఎక్కువ డబ్బివ్వగలదు.

వాస్తవం: అన్ని చోట్లా కాదు. అమెరికా బాస్కెట్‌బాల్ నిబంధనల ప్రకారం చాలా సందర్భాల్లో సొంత జట్టే స్టార్‌కు పెద్ద ఒప్పందం ఇవ్వగలదు. మిల్వాకీ చిన్న నగరమే. అయినా 2020లో ఆ జట్టు స్టార్ యానిస్ అంటెటోకుంపో అక్కడే మళ్లీ సంతకం చేశాడు, 2021లో టైటిల్ గెలిపించాడు.

అపోహ: క్రికెట్‌లోనూ అంతే, మన హైదరాబాదీ సిరాజ్ ఐపీఎల్‌లో బెంగళూరును వదిలేశాడు.

వాస్తవం: బెంగళూరే అతన్ని అట్టిపెట్టుకోలేదు. 2024 వేలంలో గుజరాత్ 12.25 కోట్లకు కొనుక్కుంది. ఐపీఎల్ వేలంలో ఏ జట్టు తనను కొనాలో ఆటగాడు నిర్ణయించలేడు.

అపోహ: హైదరాబాద్ ఎఫ్‌సీ ఆటగాళ్లు కష్టకాలంలో పారిపోయారు.

వాస్తవం: 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇదే జట్టు ఐఎస్‌ఎల్ గెలిచింది. రెండేళ్లు తిరక్కముందే జీతాలు బకాయి పడ్డాయి. కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం పెట్టింది. పని చేయించుకుని జీతం ఇవ్వని చోట నుంచి వెళ్లిపోయేవాణ్ణి పారిపోయాడనం. 2023-24లో జట్టు పట్టికలో అట్టడుగున మిగిలింది. 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలి, పేరు కూడా మార్చుకుంది.

కాబట్టి ఈసారి మన బస్తీలో ఓ మంచి ఆటగాడు కనిపిస్తే, ఉంటావా పోతావా అని అతన్ని నిలదీయకండి. ఏడాది పొడవునా సాగే స్థానిక లీగ్ ఏది, ఆటగాళ్లకు ఉద్యోగాలేవి అని ఫుట్‌బాల్ సంఘాన్నీ ప్రభుత్వాన్నీ అడగండి.