‘ఏది తక్కువ డేంజర్ భాయ్?’ పాన్ డబ్బా దగ్గర తప్పుతున్న లెక్క

వరంగల్: గిరాకీ వచ్చి “భాయ్, కొంచెం లైట్‌గా ఉండేది ఇవ్వు” అంటాడు. దుకాణదారు పెద్దగా ఆలోచించకుండానే ఒకటి తీసి చేతిలో పెడతాడు. దగ్గు వస్తోందంటే సిగరెట్ మానేసి జర్దా వేసుకోమంటాడు. పైసలు తక్కువుంటే బీడీ కట్ట ఇస్తాడు. మండి బజార్ కావచ్చు, కాజీపేట స్టేషన్ దగ్గర కావచ్చు, ఎనుమాముల మార్కెట్ బయట కావచ్చు, పాన్ డబ్బాల్లో, కిరాణం కొట్లలో ఇది మామూలుగా వినిపించే మాటే.

జనం డాక్టర్ దగ్గరికి పోయేది రోగం వచ్చాక. దుకాణానికి మాత్రం రోజూ పోతారు. అందుకే పొగాకు గురించి చాలామందికి మొదటి సలహా అక్కడే దొరుకుతుంది. ఏది ఎంతకు వస్తుంది, ఏది ఎక్కువ కదులుతుంది, దేని మీద ఎంత మిగులుతుంది అన్నది దుకాణదారుకు నోటి లెక్క. ఏది ఒంట్లో ఎక్కడ, ఎంత దెబ్బ కొడుతుందో మాత్రం అతనికి ఎవరూ చెప్పలేదు. సరుకు వేసే డీలర్ చెప్పడు. ప్యాకెట్ మీద బొమ్మ ఉంటుంది కానీ విడిగా ఒక్కో సిగరెట్ కొనే మనిషికి అది కనిపించదు.

దేశంలో పెద్దవాళ్లలో 28.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారని 2016-17లో జరిగిన గ్లోబల్ అడల్ట్ టొబాకో సర్వే తేల్చింది. అందులో పొగ తాగేవాళ్లు 10.7 శాతమైతే, నమిలేవాళ్లు, పళ్లకు రుద్దుకునేవాళ్లు 21.4 శాతం. అంటే ‘పొగ లేదు కాబట్టి పర్వాలేదు’ అనే మాటను నమ్మి వాడేవాళ్లు కూడా ఈ లెక్కలో చాలామందే ఉంటారు.

దుకాణాల్లో ఎక్కువగా వినిపించే నమ్మకాలేంటి, వాటిలో నిజమెంత అన్నది ఒక్కొక్కటిగా చూద్దాం.

‘లైట్’ సిగరెట్ అయితే నయమా?

కాదు. తక్కువ తారు అని పేరున్న సిగరెట్ల ఫిల్టర్ చుట్టూ కంటికి సరిగా ఆనని చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. మిషన్ మీద పెట్టి కొలిస్తే వాటిలోంచి గాలి కలిసి, పొగ పలచబడి, తారు తక్కువ చూపిస్తుంది. మనిషి మిషన్ లాగా తాగడు. వేళ్లతో, పెదాలతో ఆ రంధ్రాలు మూసుకుపోతాయి. నికోటిన్ చాలకపోతే ఇంకా గట్టిగా, ఇంకా లోతుగా పీలుస్తాడు. చివరికి ఒంట్లోకి పోయేది దాదాపు అంతే. పుదీనా రుచి సిగరెట్లదీ అదే కథ. గొంతుకు చల్లగా తగులుతుంది కాబట్టి ఘాటు తెలియదు, విషం మాత్రం తగ్గదు.

‘రోజుకు ఒకటే కదా’ అనే మాట కూడా అంతే. 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన పరిశోధన ప్రకారం, రోజుకు 20 సిగరెట్లు తాగేవాళ్లకు గుండె జబ్బు ముప్పు అదనంగా ఎంత పెరుగుతుందో, రోజుకు ఒక్కటి తాగేవాళ్లకు అందులో సుమారు సగం పెరుగుతుంది. ఇరవైలో ఒకటి కాబట్టి ముప్పు కూడా ఇరవయ్యో వంతే అనుకోవడం తప్పు.

బీడీ ఆకుదే కదా?

తునికాకు మన పక్కనే ములుగు, భూపాలపల్లి అడవుల నుంచి వస్తుంది. ఆకు సహజమైనదే కాబట్టి బీడీ సిగరెట్ అంత చెడ్డది కాదని చాలామంది అనుకుంటారు. బీడీలో పొగాకు సిగరెట్‌లో కన్నా తక్కువ ఉండే మాట నిజమే. కానీ తునికాకులోంచి గాలి సరిగా ఆడదు. తొందరగా ఆరిపోతుంది. ఆరకుండా ఉండాలంటే మాటిమాటికి గట్టిగా లాగాలి. దాంతో తారు, కార్బన్ మోనాక్సైడ్ సిగరెట్ కన్నా తక్కువేమీ పోవు, ఎక్కువ పోయే అవకాశమే ఉంది. ఊపిరితిత్తులు, గొంతు, నోటి క్యాన్సర్లకు, గుండె జబ్బుకు, విడవని దగ్గు ఆయాసాలకు బీడీ కూడా కారణమే.

ఇక్కడ ధర కూడా మోసం చేస్తుంది. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు సిగరెట్ల మీద పన్నుకు తోడు సెస్ కూడా వేశారు, బీడీ మీద సెస్ వేయలేదు. బీడీ చవకగా ఉండటానికి ఇదొక కారణం. పన్ను తక్కువ ఉంటే హాని తక్కువని కాదు.

పొగ రాదు కాబట్టి జర్దా, ఖైనీ మంచివా?

పొగ రాకపోతే ఊపిరితిత్తుల మీద పొగ దెబ్బ ఉండదు. ఆ వరకు నిజం. కానీ నమిలే పొగాకులో క్యాన్సర్ తెచ్చే పదార్థాలు 28 దాకా ఉన్నట్టు గుర్తించారు. పొగాకును బుగ్గలో గంటల కొద్దీ పెట్టుకుంటే అవి అక్కడే పని చేస్తాయి. సున్నం కలిపితే నికోటిన్ ఇంకా వేగంగా రక్తంలోకి ఎక్కుతుంది. మన దేశంలో మగవాళ్లకు అన్నింటికన్నా ఎక్కువగా వచ్చే క్యాన్సర్ నోటి క్యాన్సరే.

పాన్‌లో జర్దా వేసుకునే పెద్దవాళ్లు, మంజన్ పేరుతో పొగాకు పొడి పళ్లకు రుద్దుకునే ఆడవాళ్లు తమను పొగాకు వాడేవాళ్ల లెక్కలో వేసుకోరు. ఇంట్లోవాళ్లూ వేయరు. కానీ వాళ్లు కూడా వాడేవాళ్లే.

ఇంకో మాట, ‘ఇందులో తంబాకు లేదు, సాదా మసాలానే’. పొగాకు లేకపోయినా వక్క ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ వక్కను కూడా మనుషుల్లో క్యాన్సర్ తెచ్చే పదార్థాల జాబితాలో పెట్టింది. వక్క ఎక్కువగా నమిలేవాళ్లకు బుగ్గల లోపలి చర్మం గట్టిపడి, నోరు తెరుచుకోవడం తగ్గుతూ వస్తుంది. పిల్లలు చిల్లర పైసలతో కొనే పొట్లాలు చాలాసార్లు ఇవే.

హుక్కా నీళ్లలోంచి వస్తుంది కదా?

నీళ్లు పొగను చల్లబరుస్తాయి, కడగవు. పొగ చల్లగా ఉండటం వల్ల ఎక్కువసేపు, ఎక్కువ లోతుగా పీలుస్తారు. ఒక్కసారి కూర్చుని గంటసేపు తాగితే పీల్చే పొగ 100 సిగరెట్ల పొగ అంత ఉండొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. కింద కాలే బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ అదనం. తెలంగాణ అసెంబ్లీ 2024 ఫిబ్రవరిలో హుక్కా పార్లర్లను నిషేధిస్తూ బిల్లు పాస్ చేసింది.

మరి తేడా ఏమీ లేదా?

ఉంది. దాచాల్సిన పని లేదు. కాల్చి పీల్చేది ఏదైనా, అంటే సిగరెట్, బీడీ, చుట్ట, హుక్కా, ఊపిరితిత్తులనూ గుండెనూ రెండింటినీ కొడుతుంది. నమిలేది ముఖ్యంగా నోటిని కొడుతుంది, గుండెనూ వదలదు. అదే ఆకును వాడే తీరు మారితే దెబ్బ తగిలే చోటు మారుతుంది. శ్రీకాకుళం, విశాఖ తీరంలో చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లలో అంగిలి క్యాన్సర్ ఎక్కువగా కనిపించడం దీనికి పాత ఉదాహరణ.

ఈ-సిగరెట్‌లో కాలడం ఉండదు కాబట్టి విష పదార్థాలు సిగరెట్ పొగలో కన్నా తక్కువే. అయినా అది హాని లేని వస్తువు కాదు. నికోటిన్ అలవాటు అలాగే పట్టుకుంటుంది. మన దేశంలో 2019 నుంచి దాని అమ్మకం పూర్తిగా నిషేధం. మొదటిసారి పట్టుబడితే ఏడాది దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

చిక్కంతా ఎక్కడంటే, ‘దీనికన్నా అది తక్కువ’ అనే మాట గిరాకీ చెవికి ‘అది సేఫ్’ అని వినిపిస్తుంది. సిగరెట్ మానడానికని జర్దా మొదలుపెట్టిన మనిషికి చాలాసార్లు రెండూ అలవాటవుతాయి. అప్పుడు నోటికీ ముప్పే, ఊపిరితిత్తులకూ ముప్పే.

దుకాణదారు తెలుసుకోవాల్సిన చట్టం

2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం (కోట్పా) ప్రకారం 18 ఏళ్ల లోపు వాళ్లకు అమ్మకూడదు. స్కూలు, కాలేజీలకు 100 గజాల లోపల అమ్మకూడదు. దీని కింద జరిమానా 200 రూపాయల దాకానే కాబట్టి చాలామంది లెక్క చేయరు. కానీ 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టంలోని సెక్షన్ 77 వేరు. పిల్లలకు పొగాకు ఇస్తే 7 ఏళ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. “అబ్బా పంపించాడు” అని చిన్నోడు చెప్పినా చేతికి ఇవ్వకపోవడమే మంచిది.

ఇంటి దుకాణాలకు మరో ముఖ్య విషయం ఉంది. స్కూలు నుంచి వచ్చిన కొడుకును గల్లా దగ్గర కూర్చోబెట్టి నాన్న నమాజ్‌కు పోవడం మామూలే. అయితే 18 ఏళ్లు నిండని వాళ్లతో పొగాకు సరుకు అమ్మించడం కూడా నిబంధనలకు విరుద్ధం. రోజూ చేత్తో ముట్టుకునే వస్తువు మీద పిల్లవాడికి భయం పోతుందన్నది అంతకన్నా పెద్ద సంగతి.

గుట్కా, పొగాకు కలిపిన పాన్ మసాలా మీద తెలంగాణలో ఆహార భద్రత చట్టం కింద నిషేధ ఉత్తర్వులు ఇస్తున్నారు. 2024 మే 24 నుంచి ఏడాది పాటు అమలయ్యేలా అలాంటి ఉత్తర్వే వచ్చింది. మసాలా ఒక పొట్లం, తంబాకు ఇంకో పొట్లం చేసి రెండూ కలిపి ఇచ్చినా గిరాకీ నోట్లో తయారయ్యేది గుట్కానే.

దుకాణంలో, ఇంట్లో చేయగలిగింది

పొగాకు అమ్మకం ఒక్క రోజులో ఆపేయమంటే చిన్న దుకాణం నడవడం కష్టమే. సిగరెట్‌కు వచ్చినవాడే చాయ్ పొడి, బిస్కెట్లు కూడా కొంటాడు. అయినా పైసా నష్టం లేకుండా చేయగలిగే పనులున్నాయి. ‘ఇది లైట్’, ‘అది నయం’ అనే సలహా మానేయొచ్చు. ఎవరైనా అడిగితే “ఏదీ మంచిది కాదు భాయ్, మానాలనుకుంటే ఈ నంబర్‌కు చెయ్యి” అని ప్యాకెట్ మీది నంబర్ చూపించొచ్చు. అది 1800-11-2356, ఫోన్ ఖర్చు లేని జాతీయ క్విట్‌లైన్. 2018 సెప్టెంబర్ నుంచి ప్యాకెట్ల మీద అచ్చవుతోంది. నికోటిన్ గమ్ మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. డాక్టర్‌ను అడిగి వాడితే మానేటప్పటి తిప్పలు తగ్గుతాయి.

రంజాన్‌లో 13, 14 గంటలు ముట్టని మనిషి ఇఫ్తార్ కాగానే వెలిగిస్తాడు. అన్ని గంటలు ఆగగలిగినవాడికి మానడం మొదలుపెట్టడానికి ఆ నెల మంచి అదను. చిరాకు, నిద్ర పట్టకపోవడం లాంటివి మొదటి కొన్ని రోజులే గట్టిగా ఉంటాయి, తర్వాత కొన్ని వారాల్లో తగ్గుతాయి. సిగరెట్ మానేసిన ఏడాదికి గుండె జబ్బు అదనపు ముప్పు సుమారు సగానికి పడిపోతుంది.

ఇంట్లో జర్దా, ఖైనీ, మంజన్ వాడే పెద్దవాళ్లుంటే వాళ్ల నోరు ఒకసారి వెలుతురులో చూడాలి. తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, రెండు మూడు వారాలైనా మానని పుండు ఉన్నా, నోట్లో మూడు వేళ్లు నిలువుగా పట్టకపోయినా ఆలస్యం చేయకుండా ఎంజీఎం ఆస్పత్రిలో ఈఎన్‌టీ డాక్టర్‌కు గానీ, దగ్గర్లోని పళ్ల డాక్టర్‌కు గానీ చూపించాలి. నోటి క్యాన్సర్‌ను మొదట్లోనే పట్టుకుంటే నయమయ్యే అవకాశం ఎక్కువ. నొప్పి లేదని ఆగొద్దు. మొదట్లో చాలాసార్లు నొప్పి ఉండదు.