దాత కణాల దాడికి కాంతితో కళ్లెం

రక్త క్యాన్సర్ నుంచి గట్టెక్కిన రోగికి రెండో గండం ఒక్కోసారి ప్రాణం నిలిపిన దాత కణాల నుంచే ఎదురవుతుంది. మూలకణ మార్పిడి తరువాత దాత కణాలు రోగి ఎముక మజ్జలో స్థిరపడి కొత్త రక్తాన్ని, కొత్త రోగనిరోధక వ్యవస్థను నిర్మిస్తాయి. కొందరిలో వాటిలోని టి-కణాలు రోగి దేహాన్నే పరాయిదిగా భావించి చర్మం, పేగులు, కాలేయం, ఊపిరితిత్తులపై దాడి చేస్తాయి. దీనినే గ్రాఫ్ట్ వర్సస్ హోస్ట్ వ్యాధి అంటారు.

దీనికి మొదట వాడేది స్టెరాయిడ్లు. అవి అందరికీ పనిచేయవు. పనిచేసినా రోగనిరోధక శక్తి మొత్తాన్ని అణచివేయడంతో ఇన్ఫెక్షన్లు ముసురుకుంటాయి. పైగా మిగిలివున్న క్యాన్సర్ కణాలను ఏరివేసేవి కూడా ఈ దాత కణాలే. వాటిని పూర్తిగా అణచివేస్తే పాత వ్యాధి తిరగబెట్టే ప్రమాదం ఉంది. ఫోటోఫెరెసిస్ అవసరం ఇక్కడే కనిపిస్తుంది.

ఈ విధానంలో రోగి రక్తాన్ని యంత్రంలోకి పంపి తెల్ల రక్తకణాలను వేరు చేస్తారు. వాటికి మెథాక్సాలెన్ అనే మందు కలిపి, అతినీలలోహిత-ఎ కిరణాలు ప్రసరింపజేసి, తిరిగి రోగికే ఎక్కిస్తారు. కాంతి తగలగానే మందు కణాల డీఎన్‌ఏకు అతుక్కుంటుంది. ఆ కణాలు కొద్ది రోజుల్లో క్రమంగా నశిస్తాయి. ఒక్కో విడతలో కాంతి సోకేది దేహంలోని తెల్లకణాల్లో కొద్ది భాగానికే. అయినా నశిస్తున్న కణాలను స్వీకరించిన రోగనిరోధక వ్యవస్థ దాడిని తగ్గించుకుని, నియంత్రక టి-కణాలను పెంచుకుంటుందని పరిశోధకుల అవగాహన. ఇన్ఫెక్షన్ల ముప్పు పెద్దగా పెరగకపోవడమే దీని ప్రధాన ప్రయోజనం.

అమెరికా వైద్యుడు రిచర్డ్ ఎడెల్‌సన్ బృందం 1987లో చర్మానికి సోకే టి-కణ లింఫోమాపై ఈ చికిత్స ఫలితాలను ప్రకటించింది. మరుసటి ఏడాదే అక్కడ ఆ వ్యాధికి అనుమతి లభించింది. మూలసూత్రం మాత్రం మనకు కొత్తది కాదు. బొల్లి మచ్చలకు బావంచాలు వాడి ఎండ తగిలించే ఆయుర్వేద పద్ధతిలో పనిచేసేది ఈ మందు కుటుంబానికే చెందిన సోరాలెన్.

చికిత్స ఒక్కసారితో ముగియదు. సాధారణంగా వరుసగా రెండు రోజుల చొప్పున, వారానికో రెండు వారాలకో ఒకసారి, నెలల తరబడి కొనసాగుతుంది. గుణం కనిపించడానికి, ముఖ్యంగా దీర్ఘకాలిక వ్యాధిలో, ఓపిక కావాలి. ప్రతి విడత తరువాత 24 గంటలపాటు ఎండకు దూరంగా ఉండాలి, రక్షణ కళ్లద్దాలు ధరించాలి. భారత్‌లో ఈ సదుపాయం కొన్ని పెద్ద కేంద్రాలకే పరిమితం. అందువల్ల దూర ప్రాంతాల రోగులకు చికిత్స ఖర్చుతో పాటు పదేపదే ప్రయాణాలు, బస కూడా భారమవుతాయి.