మీకు తెలుసా? పతకం అంచు చూడందే కొనకండి

మొదటి ప్రపంచ యుద్ధంలో సేవ చేసినవారికి ఇచ్చిన బ్రిటిష్ వార్ మెడల్ వెండిది. దాని అంచు మీద సైనికుడి నంబరు, హోదా, పేరు, దళం అచ్చుకొట్టి ఉంటాయి. ఆన్‌లైన్ వేలంలో ధర పలికేది ఆ పేరుకే, మోసం జరిగేదీ అక్కడే. ఉన్న పేరు అరగదీసి, యుద్ధంలో చనిపోయినవాడి పేరో, ప్రసిద్ధ దళం పేరో అచ్చుకొడతారు. నిజంగా పోరాడిన ఒక మనిషి గుర్తు అలా చెరిగిపోతుంది. ఇది మామూలు కల్తీ కంటే ఘోరం.

పతకం వ్యాసం 36 మిల్లీమీటర్లు. ఆకురాయి పెడితే అంచు కాస్త తగ్గుతుంది. కాలిపర్స్‌తో నాలుగైదు చోట్ల కొలిస్తే తేడా దొరుకుతుంది, ఫొటోలో దొరకదు. రిబ్బను అతినీలలోహిత కాంతిలో మెరిస్తే అది కొత్తది కావచ్చు. అయితే పాత పతకాలకూ కొత్త రిబ్బను కట్టించుకుంటారు, దాన్నిబట్టే తేల్చేయకూడదు.

అన్నట్టు, కంచు పతకం కనిపిస్తే నకిలీ అనుకోకండి. భారతీయ లేబర్ కోర్ కూలీలకు ఇదే పతకాన్ని కంచుతో చేసి ఇచ్చారు. ఇక అంచు మీది పేరు సరిచూసుకోవడానికి, బ్రిటిష్ సైనికుల పేర్లయితే లండన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్ పతకాల సూచిక కార్డుల్లో వెతకవచ్చు.