మాత్ర వికటిస్తే అమ్మవారు అనుకోవద్దు

ఏలూరు: కొల్లేటి లంకల్లో ఎవరికైనా జ్వరంతో ఒళ్ళంతా ఎర్రగా పొక్కితే ముందు వినబడే మాట 'అమ్మవారు పోసింది' అని. గుమ్మానికి వేపమండలు కట్టి, ఆసుపత్రి మాట ఎత్తనివ్వరు. చేపల చెరువుల్లో దిగేవారైతే 'నీటి దురద' అంటారు. తాడేపల్లిగూడెం వైపు 'వేడి చేసింది' అని మజ్జిగ పోస్తారు. చాలాసార్లు అది నిజమే కావచ్చు. కాని ఈ మధ్య కొత్త మందు ఏదైనా మొదలుపెట్టారా అని మాత్రం ఎవరూ అడగరు. చిక్కంతా అక్కడే.

మందు వికటించి చర్మం ఊడిపోయే జబ్బు ఒకటుంది. 1922లో దీనిని వర్ణించిన స్టీవెన్స్, జాన్సన్ అనే అమెరికా వైద్యుల పేరే దానికి నిలిచింది. అరుదైనదే, కాని ప్రాణాంతకం. మాత్ర మింగిన రోజే కనబడదు. సాధారణంగా నాలుగో రోజు నుంచి నాలుగు వారాల లోపు బయటపడుతుంది. అందుకే మందు మీదికి అనుమానం పోదు.

మొదట జ్వరం, గొంతు నొప్పి, కళ్ళ మంట. తర్వాత ఛాతీ మీద, ముఖం మీద ముదురు ఎరుపు మచ్చలు. దురద కన్నా నొప్పి ఎక్కువ. పెదవులు, నోరు పుండ్లుపడి గుక్కెడు నీళ్ళు దిగవు. ఆపైన కాలిన ఒంటిలా బొబ్బలెక్కి తోలు లేచిపోతుంది. ఒంట్లో మూడో వంతు అలా ఊడితే నూటికి సుమారు 30 మంది దక్కరు. బతికినవారిలో కొందరికి చూపు దెబ్బతింటుంది.

సల్ఫా మాత్రలు, ఫిట్స్‌కు వాడే కార్బమజెపిన్, ఫెనిటాయిన్, కీళ్ళవాతంలో ఒక రకమైన గౌటుకు ఇచ్చే అల్లోప్యూరినాల్, కొన్ని నొప్పి బిళ్ళలు దీనికి పేరుపడ్డాయి. ఇవి చెడ్డ మందులు కావు, లక్షలమందికి మేలు చేస్తున్నవే. మెఫెనమిక్ యాసిడ్ అనే నొప్పి మాత్రతో ఇలాంటిదే మరో తీవ్ర లక్షణం రావచ్చని భారత ఫార్మకోపియా కమిషన్ 2023 నవంబరులో హెచ్చరించింది.

దద్దుర్లకు ఊళ్ళో సూది వేయించుకుని, అసలు మాత్ర మింగుతూనే ఉండటం అన్నిటికన్నా ప్రమాదం. దద్దుర్లతోపాటు జ్వరం, నోటిపుండ్లు, కళ్ళ ఎరుపు కనిపిస్తే ఆ మాత్ర మరొకటి వేయకుండా అదే రోజు ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రభుత్వాసుపత్రులకు చేరాలి. ఫిట్స్ మందైతే అసలే ఆలస్యం చేయరాదు, డాక్టరు వేరే మందు మార్చి ఇవ్వాలి. మందుల షాపులో నాలుగు బిళ్ళలు కత్తిరించి పొట్లం కట్టిస్తే అట్ట మీద పేరుండదు, డాక్టరుకు ఏం చూపుతారు? పేరున్న ముక్కే అడిగి తీసుకుని దాచాలి.

మందు వికటించిన సంగతి 1800-180-3024కు ఉచితంగా ఫోను చేసి ఎవరైనా చెప్పవచ్చు. తగ్గినవారు ఆ మందు పేరు చీటీ మీద రాయించుకుని ప్రతి వైద్యుడికీ చూపాలి. అదే మందు వేరే కంపెనీ పేరుతో మళ్ళీ ఒంట్లోకి పోతే ఈసారి వారాలు పట్టదు, గంటల్లోనే తిరగబెట్టవచ్చు.