జాకీ ఎత్తుతుంది.. మోసేది స్టాండే!

అమీర్‌పేట అనగానే మైత్రీవనం చుట్టూ ఉన్న కోచింగ్ సెంటర్లే గుర్తొస్తాయి. కానీ ఉద్యోగానికి పనికొచ్చే పాఠం ఒకటి మీ అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోనూ ఉంది. మీకో, మీ ఫ్రెండ్‌కో స్ప్రింగులు మార్చి కిందికి దించిన కారు ఉందనుకోండి. చూడ్డానికి స్టైల్‌గానే ఉంటుంది. టైరు విప్పాలన్నా, బ్రేకులు చూడాలన్నా మాత్రం జాకీ కిందికి దూరదు. అప్పుడు ఇటుకలు, రాళ్లతో ఏదో ఒకటి సర్దేస్తారు. ప్రమాదం మొదలయ్యేది అక్కడే.

బరువు ఎవరు మోస్తున్నారు?

స్విఫ్ట్ లాంటి చిన్న కారే సుమారు 900 కిలోలు ఉంటుంది. ట్రాలీ జాకీని పైన నిలిపేది లోపలి ఆయిల్ ఒత్తిడి. సీల్ లీకైతే జాకీ దిగిపోతుంది. స్టాండ్‌లో బరువు మోసేది ఇనుప పళ్లో, పిన్నో. అందుకే జాకీ ఎత్తడానికే, నిలబెట్టడానికి స్టాండ్. 2007 సెప్టెంబరులో పంజాగుట్టలో నిర్మాణంలో ఉన్న ఫ్లైఓవర్‌లో కొంత భాగం కూలి ప్రాణాలు పోయాయి. ఫ్లైఓవరైనా, కారైనా.. పూర్తిగా నిలబడని బరువు కిందికి మనిషి వెళ్లకూడదు.

ఈ వరుస తప్పొద్దు

1. చోటు: గట్టిగా, సమతలంగా ఉన్న కాంక్రీటు నేల చూసుకోండి. సెల్లార్ ర్యాంపు, మట్టి నేల, ఎండకు మెత్తబడిన తారు రోడ్డు వద్దు.

2. చెక్క పలకలు: టైరు కంటే వెడల్పుగా, రెండంగుళాల మందం ఉన్న గట్టి పలకలు తీసుకోండి. ఎత్తాల్సిన వైపు చక్రాలను మెల్లగా వాటిపైకి ఎక్కించండి. జాకీకి చోటు దొరుకుతుంది. ఎత్తు తక్కువుండే లో-ప్రొఫైల్ ట్రాలీ జాకీ ఉంటే పని ఇంకా సులువు.

3. అడ్డు: చాలా కార్లలో హ్యాండ్‌బ్రేక్ పట్టేది వెనక చక్రాలనే. వాటినే ఎత్తితే ఇక అది కారును ఆపలేదు. అందుకే నేలమీద ఉండే చక్రాలకు ముందూ వెనకా దిమ్మెలు పెట్టి, మొదటి గేర్ వేయండి. ఆటోమేటిక్ అయితే పార్క్‌లో ఉంచండి.

4. నట్లు: టైరు విప్పేటట్లయితే చక్రం కిందున్నప్పుడే నట్లను కాస్త వదులు చేయండి. గాల్లో ఉన్నాక పానాపై బలం పెడితే కారు ఊగుతుంది.

5. జాకీ పాయింట్: ఓనర్స్ మాన్యువల్ తీయండి. ట్రాలీ జాకీని అందులో చూపిన మధ్య పాయింటు కింద పెట్టి ఎత్తండి. డోర్ల కింద అంచుకు గాట్లున్న చోట్లు స్టాండ్లకు వదలండి. ప్లాస్టిక్ స్కర్ట్, ఆయిల్ సంప్, పలుచని రేకు ఉన్నచోట జాకీ పెట్టొద్దు.

6. స్టాండ్లు: రెండువైపులా ఒకే ఎత్తులో జతగా పెట్టండి. వాటి మీద రాసిన సామర్థ్యం చూడండి. జాకీని నెమ్మదిగా దించి బరువంతా స్టాండ్లపైకి రానివ్వండి. కారును చేత్తో గట్టిగా నెట్టి చూడండి. కదిలితే మళ్లీ మొదటినుంచి! విప్పిన టైరునో, స్టెప్నీనో డోరు అంచు కిందికి తోసి ఉంచితే అదనపు రక్షణ.

ఇవి అస్సలు వద్దు

- స్టాండ్‌కు బదులు ఇటుకలు, సిమెంటు బ్లాకులు పెట్టడం. అవి చెప్పకుండానే పగిలిపోతాయి.
- కారుతో వచ్చిన జాకీ మీదే వదిలేసి కిందికి దూరడం. అది టైరు మార్చడానికి మాత్రమే.
- కారులో మనుషులుండగా ఎత్తడం.
- ఎవరికీ చెప్పకుండా ఒంటరిగా పని మొదలుపెట్టడం. నిమ్స్ దగ్గర్లోనే ఉందన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు.

ఉద్యోగానికి ఎలా?

పదో తరగతి తర్వాత ఐటీఐలో రెండేళ్ల మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడ్ ఉంది. పాలిసెట్ రాసి ఆటోమొబైల్ డిప్లొమాలో చేరొచ్చు. మెకానికల్ బీటెక్ వాళ్లూ సర్వీస్ రంగంలోకి వెళ్లొచ్చు. అప్రెంటిస్‌షిప్‌కో, సర్వీస్ సెంటర్ ఇంటర్వ్యూకో వెళ్లినప్పుడు ‘కారును ఎలా ఎత్తుతారు?’ అని అడిగితే, జాకీ తిప్పడం దగ్గర మొదలుపెట్టకండి. నేల, అడ్డు, పాయింట్, స్టాండ్.. ఈ వరుసలో, ఒక్కోదానికి కారణంతో చెప్పండి. బలం కాదు, జాగ్రత్త తెలిసినవాళ్లే ఏ షాపుకైనా కావాలి. మరి ఈ ఆదివారం మీ కారు మాన్యువల్‌లో జాకీ పాయింట్లు ఎక్కడున్నాయో వెతికి చూడండి.