బందీకి అండయైన ఆజ్ఞ

కంచె చేను మేసినచో కాపు చేయగలిగిన దేమున్నది? మన పల్లెలలో వాడుకగా వినబడు ఈ సామెతలో రాజనీతి శాస్త్రమునకు సంబంధించిన పెద్ద చిక్కు ఇమిడి యున్నది. దొంగలనుండియు దౌర్జన్యపరులనుండియు ప్రజలను కాపాడుటకు ప్రభుత్వము కావలెను. కాపాడవలె నన్నచో దానికి బలముండవలెను. రక్షకభటులు, చెరసాలలు, సైన్యము ఉండవలెను. ఆ బలముగల ప్రభుత్వమే నిరపరాధి నొకనిని పట్టి చెరలో వేసినచో వానిని కాపాడువా రెవరు?

17వ శతాబ్దమున ఇంగ్లండులో రాజునకును పార్లమెంటునకును యుద్ధము జరిగిన కాలమున ఈ ప్రశ్న పండితులను మిక్కిలి కలతపెట్టెను. థామస్ హాబ్స్ 1651లో ప్రకటించిన ‘లెవయాథన్’ అను గ్రంథమున, అరాచకముకంటె ఎట్టి ప్రభుత్వమైనను మేలని వాదించెను. అధికారము లేనిచోట ప్రతివాడును ప్రతివానికి శత్రువే. కావున ప్రజలు తమ రక్షణకై సర్వాధికారములను పాలకునకు అప్పగింపవలెనని ఆయన మతము. తరువాత వచ్చిన జాన్ లాక్ ఇందుకు సమ్మతింపలేదు. నక్కల బాధకు తాళలేక పోయి సింహము నోట తల పెట్టుట తెలివి యగునా యని ఆయన ఆక్షేపణ.

ఇట్టి వాదములు గ్రంథములలో ఎంతకాలమైనను సాగవచ్చును. చెరలోనున్న వానికి కావలసినది వాదము కాదు, తన తరఫున తలుపు తట్టి అడుగగల వాడు. ఆ పనికై ఇంగ్లండు న్యాయస్థానములలో ఒక ఆజ్ఞాపత్రము వాడుకలోనికి వచ్చినది. దానిని లాటిన్ భాషలో ‘హెబియస్ కార్పస్’ అందురు. మనిషిని తెచ్చి యెదుట నిలుపుము అని దాని తాత్పర్యము. న్యాయాధిపతి ఈ ఆజ్ఞను నిర్బంధించిన వానిపేర పంపును. ఫలానివానిని నా యెదుటకు తీసికొని రమ్ము. ఏ శాసనము ననుసరించి బంధించితివో తెలుపుము అని అందులో నుండును. చెప్పిన కారణము శాసనసమ్మతము కానిచో బందీని విడిచిపెట్టుదురు. బందీ మంచివాడా చెడ్డవాడా యన్న విచారణ యిందు లేదు. సంజాయిషీ చెప్పుకొనవలసిన వాడు బందీ కాడు, బంధించినవాడు. దీని బలమంతయు ఇందులోనే యున్నది.

స్వతంత్రుడగు వానిని న్యాయమైన తీర్పుగాని దేశశాసనముగాని లేక బంధింపరాదని 1215లో జాన్ రాజు ముద్రవేసిన మాగ్నా కార్టా యందే చెప్పబడినది. కాని రాజు మీరినపుడు అడుగు టెట్లు? 1627లో ఇది బయటపడెను. మొదటి చార్లెస్ రాజు పార్లమెంటు అనుమతి లేకయే కలిగినవారివద్ద బలవంతముగా అప్పు పుచ్చుకొనజొచ్చెను. ఈయమని మొండికెత్తి చెరపాలైన వారిలో అయిదుగురు, నైట్ అను గౌరవబిరుదము గలవారు, హెబియస్ కార్పస్ కోరిరి. చెరసాల అధికారి తెచ్చిన జవాబు ఒక్కటే: వీరు ప్రభువుగారి ప్రత్యేకాజ్ఞచే బంధింపబడిరి. నేరమేమో అందులో లేదు. ఎందుకు బంధించితిరని అడిగిన, బంధింపుమనిరి గనుక అనినట్లున్నది! అయినను న్యాయాధిపతులు వారిని తిరిగి చెరకే పంపిరి. వారిని మాత్రమే నిందించుట తగదు. అంతకు ముందటి సంవత్సరముననే, ఆ అప్పు శాసనసమ్మతమని ఒప్పుకొనని ప్రధాన న్యాయాధిపతి రానుల్ఫ్ క్రూను రాజు పదవినుండి తొలగించి యుండెను.

మరుసటి సంవత్సరము పార్లమెంటు దీనిని గట్టిగా ఖండించెను. అయినను సందులు మిగిలియుండెను. జైలరు ఆజ్ఞను అందుకొనియు ఆలసింపవచ్చును. న్యాయాధిపతి సెలవులలో నున్నానని తప్పించుకొనవచ్చును. బందీని సముద్రముల కావలికి పంపివేసినచో ఆజ్ఞ చేరదు. 1679లో చేసిన శాసనము ఈ సందులను ఒక్కొక్కదానిని మూసినది. చెర 20 మైళ్లలోపల నున్నచో 3 దినములలోను, 100 మైళ్లలోపల నున్నచో 10 దినములలోను, అంతకు మించినచో 20 దినములలోను బందీని తీసికొని రావలెను. సెలవులలో నైనను ఆజ్ఞ నిరాకరించిన న్యాయాధిపతి 500 పౌనులు చెల్లింపవలెను. ఈ మైళ్ల లెక్కలు, దినముల లెక్కలు చదువుటకు చప్పగా నుండును. కాని స్వాతంత్ర్యమును గూర్చిన ఉపన్యాసములకంటె ఇవియే బందీకి ఎక్కువ అక్కరకు వచ్చినవని నా తలంపు.

ఈ యాజ్ఞ ప్రభుత్వమును మాత్రమే ప్రశ్నించునది కాదు. జేమ్స్ సోమర్సెట్ అను నీగ్రో జాతి బానిసను యజమాని అమెరికానుండి లండనునకు తెచ్చెను. 1771లో అతడు తప్పించుకొని పోగా, పట్టి తెప్పించి, జమైకాలో అమ్మించుటకై ఓడలో సంకెళ్లు వేయించెను. అతని మిత్రులు హెబియస్ కార్పస్ కోరిరి. ఓడ కెప్టెను సోమర్సెట్‌ను న్యాయస్థానమునకు తేక తప్పలేదు. బానిసత్వమువంటి హేయమైన దానిని స్పష్టమైన శాసనము తప్ప వేరొకటి నిలుపజాలదనియు, అట్టి శాసనము ఇంగ్లండున లేదనియు 1772 జూన్ 22న మాన్స్‌ఫీల్డు ప్రభువు తీర్పు చెప్పి, అతనిని విడుదల చేసెను. బ్రిటిషు వలసరాజ్యములలోని బానిసలకు మాత్రము 1833 నాటి శాసనము వరకు విముక్తి లేకపోయెను.

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము ఈ యాజ్ఞను 32వ అధికరణముచే సుప్రీంకోర్టునకును, 226వ అధికరణముచే హైకోర్టులకును ఒప్పగించినది. బందీ తానుగా రాలేడు గనుక అతని తల్లియో మిత్రుడో వచ్చి కోరవచ్చును. కాని 1975 జూన్‌లో అత్యవసర పరిస్థితి ప్రకటింపబడి, ప్రాణమునకు, స్వేచ్ఛకు సంబంధించిన 21వ అధికరణము క్రింద న్యాయస్థానముల కెక్కు హక్కు నిలిపివేయబడెను. విచారణ లేకయే వేలకొలది జనులు నిర్బంధింపబడిరి. వారిలో కొందరి అర్జీలు వినదగినవే యని పలు హైకోర్టులు తలచినవి. ప్రభుత్వము సుప్రీంకోర్టున అప్పీలు చేసెను. వ్యక్తిగత ద్వేషముచే ఒక పోలీసు అధికారి ఒకని ప్రాణము తీసినను దిక్కులేదా యని న్యాయమూర్తి హెచ్. ఆర్. ఖన్నా అడుగగా, అత్యవసర పరిస్థితి యున్నంతవరకు లేదని అటార్నీ జనరల్ బదులు చెప్పెను. 1976 ఏప్రిల్ 28న అయిదుగురిలో నలుగురు ప్రభుత్వపక్షమునకే తీర్పు చెప్పిరి. రాజ్యాంగములో వ్రాయక పూర్వము సైతము శాసనము లేక ప్రాణము తీయుటకు ఎవరికిని అధికారము లేదని ఖన్నా ఒక్కడే విభేదించెను. తదుపరి ప్రధాన న్యాయమూర్తి కావలసిన వరుస ఆయనదే; 1977 జనవరిలో ప్రభుత్వము ఆయనకంటె చిన్నవానిని నియమింపగా ఆయన రాజీనామా ఇచ్చెను.

1978లో చేసిన 44వ సవరణ, అత్యవసర పరిస్థితిలో సైతము 21వ అధికరణమును నిలిపివేయ వీలులేకుండ చేసినది. 1976 నాటి తీర్పు తప్పని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టే ప్రకటించినది. ఆ మాట వ్రాసిన న్యాయమూర్తి డి. వై. చంద్రచూడ్, 1976లో తీర్పు చెప్పిన నలుగురిలో ఒకడగు వై. వి. చంద్రచూడ్‌కు కుమారుడు. నేరము చేయక ముందే, చేయునేమో యన్న శంకతో నిర్బంధించు అధికారము మాత్రము 22వ అధికరణమున నేటికిని నిలిచియున్నది. అట్టి నిర్బంధితుల బంధువులు ఈనాటికిని న్యాయస్థానమునకు వచ్చి కోరునది ఈ యాజ్ఞనే.